కీమో, రేడియేషన్ రోజుల్లో ఇంటి దగ్గర ఎదురయ్యే ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో ఎక్కించే డే కేర్ వార్డులో నర్సుగా నేను రోజూ వినే ప్రశ్నలివి. వీటిలో చాలావాటిని రోగులు డాక్టరు గదిలో అడగరు. అక్కడ స్కాన్ రిపోర్టు, గడ్డ సైజు, ఇంకా ఎన్ని సైకిల్స్ (కీమో విడతలు) ఉన్నాయి అన్న మాటలతోనే టైమ్ అయిపోతుంది. సెలైన్ పెట్టాక, తోడు వచ్చినవాళ్లు టీకి వెళ్లాక మెల్లగా అడుగుతారు: "నోరంతా పూసింది సిస్టర్, ఏం పెట్టుకున్నా మంటే. కీమో అంటే ఇంతేనా?" ఇంతే అనుకుని ఊరుకోవాల్సిన పని లేదు. ఈ బాధల్లో చాలావాటికి మందు ఉంది, మందు లేనివాటికి జాగ్రత్త ఉంది. ఇక్కడ రాసింది పెద్దవాళ్ల గురించి మాత్రమే. మీ డాక్టరు మీకు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే అదే పాటించండి.

బాధలన్నీ చెబితే డాక్టరు కీమో ఆపేస్తారేమో?

అందరికంటే ఎక్కువగా వేధించే భయం ఇదే. దీనివల్లే జరగకూడనివి జరుగుతున్నాయి. చెప్పినంత మాత్రాన కీమో ఆపరు. వాంతుల మందు మారుస్తారు, డోసు కాస్త తగ్గిస్తారు, అవసరమైతే ఒక వారం వెనక్కి జరుపుతారు. అదే విరేచనాలు దాచిపెట్టి, నీళ్లు తగ్గిపోయి, కిడ్నీలు దెబ్బతిని అడ్మిట్ అయితే అప్పుడు నిజంగానే నెల రోజులు ట్రీట్‌మెంట్ ఆగుతుంది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కీమో ఎక్కిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి ఏ రోజు ఏం జరిగిందో ఒక్క ముక్కలో రాయండి: "మూడో రోజు: నాలుగు వాంతులు. ఆరో రోజు: నోరు మంట. తొమ్మిదో రోజు: జ్వరం లేదు, లేవలేకపోయాను." చాలామందికి ప్రతి సైకిల్‌లో ఇంచుమించు అవే రోజుల్లో అవే బాధలు వస్తాయి. ఆ పుస్తకం చూస్తే వచ్చేసారి ఎప్పుడు జాగ్రత్త పడాలో మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

జ్వరం వస్తే ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. కీమో నడుస్తున్నవాళ్లకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం తగిలితే అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి బయల్దేరాలి. నంబరు దొరక్కపోతే 108 ఉంది.

కారణం తెలిస్తే ఆలస్యం చేయరు. చాలా కీమో మందులతో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో ఇన్ఫెక్షన్ వస్తే పోరాడే కణాలు ఒంట్లో ఉండవు. చీము పట్టదు, వాపు కనిపించదు, దగ్గు కూడా గట్టిగా రాకపోవచ్చు. బయటకు కనిపించే గుర్తు జ్వరం ఒక్కటే. గంటల్లో బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. వేళకు వస్తే రక్తపరీక్ష చేసి వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెడతారు, చాలామంది కోలుకుని ఇంటికి వెళ్తారు.

మన ఇళ్లలో ఒళ్లు వేడిగా ఉంటే మొదట చేసే పని డోలో వేసి దుప్పటి కప్పడం. కీమో రోజుల్లో అది చేయొద్దు. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుందే కానీ లోపలి ఇన్ఫెక్షన్‌ను ఏమీ చేయదు. పొద్దునకల్లా ఒళ్లు చల్లబడిందని మీరు ఊరట పడతారు, లోపల అది ముదురుతూ ఉంటుంది. ముందు థర్మామీటర్, తర్వాత ఫోన్, డాక్టరు చెప్పాకే మాత్ర.

నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం సరిపోదు. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని మంచం పక్కనే పెట్టుకోండి. వేడి కాఫీ తాగిన వెంటనే నోట్లో పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. జ్వరం లేకపోయినా చలితో ఒళ్లు వణుకుతున్నా, ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా అంతే తొందరపడాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని చూద్దామనే ఆలోచన కూడా వద్దు. రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే కండకు వేసిన సూది దగ్గర లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. డైక్లోఫెనాక్, కాంబిఫ్లామ్, ఆస్పిరిన్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద సూది మొనంత ఎర్ర చుక్కలు, నల్లటి మలం కనిపిస్తే అది కూడా వెంటనే ఫోన్ చేయాల్సిన విషయమే.

కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) తగ్గాయన్నారు. ఇంట్లోంచి బయటకు రాకూడదా?

గదిలో బంధించాల్సిన పని లేదు. సాయంత్రం ఎండ తగ్గాక నాలుగడుగులు వేయొచ్చు. పెళ్లి మండపం, జాతర, కిక్కిరిసిన బస్సు, జలుబు చేసిన మనవడి ముద్దులు మాత్రం ఆ పది రోజులు వాయిదా వేయండి. పొలం పని, పశువుల కొట్టం శుభ్రం చేయడం, వట్టి కాళ్లతో బురదలో నడవడం కూడా అంతే. చేతులు సబ్బుతో కడుక్కోవడం అన్నిటికంటే ముఖ్యం, ముఖ్యంగా వండిపెట్టేవాళ్లు, చూడటానికి వచ్చేవాళ్లు.

తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల నడుము, తుంటి ఎముకలు బాగా నొప్పి పెడతాయి. క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని ఎంతమంది ఏడ్చారో! అది ఎముక మజ్జ పనిచేయడం మొదలుపెట్టిన నొప్పి, సాధారణంగా కొద్ది రోజుల్లో పోతుంది. జ్వరం లేదని చూసుకుని, అడిగి పారాసిటమాల్ వేసుకోవచ్చు.

వాంతుల మాత్రలు వేసుకున్నా వికారం తగ్గడం లేదు.

ముందు మాత్రలు ఎలా వేసుకుంటున్నారో చూడాలి. వాంతి వచ్చాక వేసుకుంటే అదీ వాంతిలోనే పోతుంది. రాసిచ్చినన్ని రోజులు, వికారం ఉన్నా లేకపోయినా, టైముకు వేసుకోవాలి. కొన్ని మందుల వల్ల వికారం మొదటి రోజు కాకుండా రెండు, మూడు రోజుల్లో ఎక్కువవుతుంది. మొదటి రోజు బాగుందని మాత్రలు మానేసినవాళ్లు సరిగ్గా అక్కడే దెబ్బ తింటారు. అన్నీ సరిగ్గా వేసుకున్నా తగ్గకపోతే చెప్పండి, ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటే మందు కాదు. అప్రెపిటాంట్, ఒలాంజపైన్ లాంటివి చేర్చడానికి వీలుంది. ఒలాంజపైన్ చీటీ చూసి, ఇంటర్నెట్‌లో వెతికి, "మా అమ్మకు మానసిక రోగుల మందు రాశారేంటి?" అని టెన్షన్ పడుతుంటారు. కీమో వాంతులకు అది బాగా పనిచేస్తుంది, అందుకే రాస్తారు. కాస్త మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రిపూట వేసుకోమంటారు.

వంటిల్లు కూడా చూసుకోవాలి. పోపు ఘాటు, ఇంగువ, చేపల పులుసు, కుక్కర్ ఆవిరి తగిలితే చాలు కొందరికి కడుపులో తిప్పేస్తుంది. వాళ్లు ముందు గదిలో ఉన్నప్పుడు వంటగది తలుపు వేసి వండండి. పొగలు కక్కే అన్నం కంటే చల్లారిన అన్నంలో వాసన తక్కువ, అందుకే పెరుగన్నం లోపలికి పోతుంది. ఖాళీ కడుపుతో వికారం ఎక్కువవుతుంది, లేవగానే రెండు మరమరాలో బిస్కెట్టో తిని మంచం దిగమనండి.

కీమో రోజు ఇష్టమైన వంట చేసిపెట్టకండి. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ రోజు తిని వాంతి చేసుకుంటే మనసు ఆ కూరనూ వాంతినీ ముడివేసేస్తుంది. గుత్తివంకాయంటే ప్రాణం పెట్టేవాళ్లు తర్వాత నెలల తరబడి దాని ముఖం చూడలేరు.

ఆసుపత్రి గేటు చూడగానే, స్పిరిట్ వాసన తగలగానే వాంతి రావడం నటన కాదు, బలహీనత కాదు. దానికి ముందురోజు రాత్రి వేసుకునే మాత్ర ఉంది, అడగండి. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు.

ఏం పెట్టాలి? ఏం మానాలి? పథ్యం ఏమిటి?

నా అనుభవంలో కీమో రోగులు మందుల వల్ల ఎంత చిక్కిపోతారో, ఇంటివాళ్లు పెట్టే పథ్యం వల్ల కూడా అంత చిక్కిపోతారు. వంకాయ వద్దు, గుడ్డు వేడి, పాలు కఫం, మాంసం అసలే వద్దు అంటూ చివరికి ఇడ్లీ, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు మిగులుతాయి. దెబ్బతిన్న కణాలను ఒళ్లు మళ్లీ కట్టుకోవాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, చేప, చికెన్, పప్పు, పెరుగు, పనీర్, శనగలు, ఏది ఇష్టమైతే అది బాగా ఉడికించి పెట్టండి. మాంసం తిననివాళ్లకు పెసరకట్టు, మెత్తటి పప్పన్నంలో నెయ్యి, పాలలో కలిపిన రాగి జావ, వేరుశనగ పొడి చల్లిన ఉప్మా బాగుంటాయి. మూడు పూటలా కంచం నిండా పెట్టి తినమని బలవంతం చేయకుండా, రెండేసి గంటలకు గుప్పెడంత పెట్టండి. పొద్దున కాస్త ఆకలి ఉంటుంది చాలామందికి, బలమైనది అప్పుడే పెట్టాలి.

నిషేధాలు నిజానికి తక్కువ. పచ్చిగుడ్డు, సగం ఉడికిన మాంసం, కాచని పాలు, బండి మీద కోసిపెట్టిన పండ్లు, ఐస్ వేసిన బత్తాయి రసం, పానీపూరీ, ఫ్రిజ్‌లో మూడు రోజులున్న కూర, ఇవి వద్దు. తాజా పండ్లు అస్సలు తినకూడదనే రూలు చాలామంది పెడతారు. శుభ్రంగా కడిగి, తొక్క తీసిన అరటి, బత్తాయి, దానిమ్మ ఇంట్లో తినడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. కౌంట్స్ మరీ పడిపోయినప్పుడు మాత్రం మీ వార్డులో అడిగి తినండి.

కొత్త ఆవకాయ? నోరు పూసి ఉంటే వద్దు. నోరు బాగుండి, రుచి మాత్రమే చచ్చిపోయి ఉంటే, కాస్త ఊట కలిపిన ముద్దతో నాలుగు ముద్దలు ఎక్కువ పోతాయంటే నాకైతే అభ్యంతరం లేదు. మందుల వల్ల నోట్లో ఇనుము రుచి వస్తోందంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌దో చెక్కదో వాడి చూడండి, నిమ్మరసం పిండండి, తినేముందు నోరు పుక్కిలించండి.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందట కదా?

ఒంట్లోని ప్రతి కణమూ గ్లూకోజునే వాడుకుంటుంది, క్యాన్సర్ కణమూ అంతే. చక్కెర మానేసినంత మాత్రాన గడ్డ ఆకలితో చావదు. షుగర్ జబ్బు లేని మనిషికి టీలో చెంచా పంచదార, పాయసం మానిపించి బరువు తగ్గించడం నష్టమే.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ షుగర్‌ను బాగా పెంచుతుంది. ఆ రెండు, మూడు రోజులు గ్లూకోమీటర్‌తో ఎక్కువసార్లు చూసుకోవాలి, ఇన్సులిన్ మోతాదు డాక్టరును అడిగి సరిచేసుకోవాలి. మరోవైపు, తిండి తినకుండా షుగర్ మాత్ర వేసుకుంటే ఒక్కసారిగా పడిపోవచ్చు. రెండు వైపులా ప్రమాదమే కాబట్టి షుగర్ ఉందని మొదటి రోజే చెప్పండి. ఆ స్టెరాయిడ్ మాత్ర రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకునేలా రాసిమ్మని అడగండి.

నోరంతా పుండ్లు. నీళ్లు తాగినా మంటే.

గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ పుక్కిలించండి. మింగకండి. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు, కానీ నోరు పూశాక కాదు, కీమో మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. పిల్లలు వాడే మెత్తటి బ్రష్ తీసుకోండి. వేపపుల్ల, బొగ్గు, పండ్లపొడి, వేలితో గట్టిగా రుద్దడం పక్కన పెట్టండి. ఘాటుగా మండే మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, అవీ వద్దు.

తినలేకపోతే తినడానికి పావుగంట ముందు మొద్దుబార్చే జెల్ లేదా బెంజిడమైన్ పుక్కిలింత రాసిస్తారు. చల్లటి మజ్జిగ, మెత్తగా చిదిమిన అరటిపండు, చల్లారిన జావ, కస్టర్డ్ దిగుతాయి. టమాటా చారు, నిమ్మకాయ, పచ్చిమిర్చి ఆ వారం రోజులు ఆపండి. నాలుక మీద పెరుగు అతుక్కున్నట్టు తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. సోడా నీళ్లతో పోదు, దానికి వేరే మందు రాయాలి.

5-ఎఫ్‌యూ అనే మందును ఒక్కసారిగా ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు ఐస్ ముక్కలు నోట్లో అరగంట పాటు చప్పరిస్తే పూత తగ్గుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని నోటిలోకి మందు తక్కువ వెళ్తుంది. అయితే దాంతోపాటు ఆక్సాలిప్లాటిన్ కూడా ఎక్కుతుంటే ఐస్ జోలికి పోకూడదు. ఎందుకో కింద తిమ్మిర్ల దగ్గర రాశాను.

నోటికి, గొంతుకు కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. ఆ బాధ ఎంతకాలం?

నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఉంటుంది. మొదటి వారంలో ఏమీ తెలియదు. రెండు, మూడో వారానికి నోరు ఎండిపోవడం, మంట, ఉమ్ము జిగటగా మారడం మొదలవుతాయి. చివరి వారాలతో పాటు, అయిపోయాక రెండు వారాలు కూడా కష్టంగానే ఉంటుంది. "అయిపోయింది కదా, ఇంకా ఎందుకు తగ్గలేదు?" అని కంగారు పడకండి.

మింగలేని స్థితి వస్తుందనుకుంటే ముక్కు గొట్టం పెడతామంటారు. దాన్ని చివరి దశ గుర్తుగా చూసి వద్దని మొండికేసేవాళ్లు చాలామంది. బరువు బాగా తగ్గితే రేడియేషన్ వేళ తల కదలకుండా ముఖానికి కొలిచి చేసిన మాస్కు వదులైపోతుంది, మళ్లీ ప్లాన్ చేయాల్సి రావచ్చు. మింగలేని ఆ వారాలు గొట్టం ద్వారా కడుపు నిండితే ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగదు.

కరెంటు మొదలవకముందే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. పుచ్చిపోయినవి అప్పుడే తీయించాలి. రేడియేషన్ తగిలిన దవడలో తర్వాత పన్ను పీకిస్తే ఆ ఎముక మానకపోవచ్చు. ఏళ్ల తర్వాతైనా సరే, పన్ను తీయించేముందు దవడకు రేడియేషన్ ఇచ్చారని ఆ డాక్టరుకు చెప్పండి. నోరు తెరుచుకోవడం తగ్గకుండా చెప్పిన వ్యాయామం రోజూ చేయాలి.

గుట్కా, ఖైనీ, చుట్ట ఈ రోజుల్లో పూర్తిగా మానాలి. శ్రీకాకుళం తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటున్న పెద్దమ్మలు "ఇంకా ఏముందిలే తల్లీ, వచ్చేది వచ్చేసింది" అంటారు. వచ్చింది నయం కావడానికే మానాలి. పొగ తాగుతూ ఉంటే పుండ్లు మానవు, రేడియేషన్ పనితనమూ తగ్గుతుంది.

రేడియేషన్ ఇచ్చిన చోట చర్మం నల్లబడి మండుతోంది. పసుపు రాయొచ్చా?

పసుపు, కొబ్బరినూనె, టాల్కం పౌడరు, విభూతి, ఏదీ అడక్కుండా రాయకండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. రేడియేషన్ కోసం చర్మం మీద గీసిన గుర్తులు చెరగనివ్వకండి. వదులైన నూలు బట్టలు, మెడ చుట్టూ ఎండ తగలకుండా మెత్తటి కండువా. నీరు కారుతుంటే చూపించండి.

విరేచనాలు ఎప్పుడు ప్రమాదం? మలబద్ధకానికి ఏం చేయాలి?

మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైతే, రాత్రిళ్లు లేవాల్సి వస్తే, రక్తం పడితే, జ్వరం తోడైతే ఫోన్ చేయండి. ఐరినోటికాన్, కేపెసిటబైన్ మందుల మీద ఉన్నవాళ్లు మరీ అప్రమత్తంగా ఉండాలి. కేపెసిటబైన్ ఇంట్లో మింగే మాత్ర కాబట్టి, విరేచనాలు పెరిగినా రోగులు లెక్క ప్రకారం మింగుతూనే ఉంటారు. ఆపి, ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీరు రాస్తే అంతలోనే మొత్తం ప్యాకెట్ కలపండి. లీటరు ప్యాకెట్‌లో చెంచాడు తీసి గ్లాసులో కలిపితే లెక్క తప్పుతుంది. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు తీసేయమంది.

మలబద్ధకం చాలాసార్లు వాంతుల మాత్రల వల్లా, నొప్పి మందుల వల్లా వస్తుంది. నీళ్లు, పీచున్న కూరలు, నడక, రాసిచ్చిన సిరప్. కౌంట్స్ తక్కువున్నప్పుడు ఎనిమా కానీ, మలద్వారంలో పెట్టే మందు కానీ సొంతంగా వాడొద్దు. చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది.

జుట్టు అంతా పోతుందా? ముందే తలనీలాలు ఇవ్వొచ్చా?

అన్ని మందులకూ పోదు. పోయే మందులైతే మొదటి కీమో తర్వాత రెండు, మూడు వారాలకు దిండు మీద, దువ్వెనలో కుచ్చులుగా వస్తుంది. కనుబొమలు, రెప్పలు కూడా రాలవచ్చు. ట్రీట్‌మెంట్ అయిపోయాక నెలల్లో మళ్లీ మొలుస్తుంది, మొదట్లో ఉంగరాలు తిరిగో రంగు మారో రావచ్చు.

మొక్కు ఉంటే మొదటి కీమోకు ముందే, కౌంట్స్ బాగున్నప్పుడే తలనీలాలు ఇచ్చి రావడం మంచిది. మధ్యలో అయితే క్షవరం కత్తి గాటు, కళ్యాణకట్ట దగ్గర జనం, రెండూ ప్రమాదమే. అలాంటప్పుడు ఇంట్లోనే ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయించుకుని మొక్కు తర్వాత తీర్చుకోండి. బోడితలను చూసి అపశకునంలా మాట్లాడే చుట్టాలుంటారు. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపే బాధ్యత ఇంట్లోవాళ్లదని నేను గట్టిగా నమ్ముతాను.

చేతులు, కాళ్లు తిమ్మిర్లు. గుండీ పెట్టుకోవడం కూడా కష్టంగా ఉంది.

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ మందులు నరాల చివర్లను దెబ్బతీస్తాయి. గుండీ పెట్టుకోలేకపోవడం, చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియకపోవడం డాక్టరుకు తప్పక చెప్పాల్సిన గుర్తులు. డోసు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది దీన్ని బట్టే చూస్తారు. ముదిరాక తగ్గడానికి చాలా కాలం పడుతుంది, కొందరికి పూర్తిగా తగ్గదు.

స్పర్శ తగ్గిన కాళ్లకు వేడి తెలియదు. కీమో బాగా తట్టుకుంటోందని మేమంతా సంతోషించిన ఒక అమ్మ, మే నెల మధ్యాహ్నం గుడి చుట్టూ వట్టి కాళ్లతో ప్రదక్షిణలు చేసింది. ఇంటికెళ్లాక కోడలు చూసేదాకా అరికాళ్లు బొబ్బలెక్కిన సంగతి ఆమెకు తెలియలేదు. ఆ పుండ్లు మానేదాకా కీమో ఆగింది. పొద్దున్నే వెళ్లండి, మేజోళ్లు వేసుకోండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకుని తిరగండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. వేడినీళ్లు మోచేత్తో చూసి పోసుకోండి. తడి బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఏదైనా ఆసరా పెట్టించండి.

ఆక్సాలిప్లాటిన్ అయితే మొదటి కొన్ని రోజులు చల్లదనం పడదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటేనే వేళ్లు జివ్వుమంటాయి, చల్లటి నీళ్లు తాగితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఐస్, చల్లటి మజ్జిగ వద్దు, గోరువెచ్చని నీళ్లే.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం ఊడుతోంది.

కేపెసిటబైన్‌తో ఇది మామూలు. యూరియా ఉన్న క్రీమ్ మొదటి నుంచీ రాయాలి. బట్టలు ఉతకడం, రోకలి, బిగుతు చెప్పులు తగ్గించాలి. నడవలేనంత నొప్పి ఉంటే మాత్ర ఆపి ఫోన్ చేయండి. నల్లగా పండే కెమికల్ మెహందీ పెట్టుకోవద్దు. ఈ మాత్ర మీద ఉన్నవాళ్లు బలం కోసమని ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలు కూడా అడక్కుండా వేసుకోకూడదు. అవి దుష్ప్రభావాలను పెంచుతాయి.

పడుకుని లేచినా నీరసం పోవడం లేదు. బద్ధకమా?

కాదు. కీమో నీరసం నిద్రతో తీరేది కాదు. రక్తం తగ్గిందా, థైరాయిడ్ పడిపోయిందా, సరిగ్గా తింటున్నారా అని ముందు చూడాలి. అవన్నీ బాగున్నా నీరసం ఉంటే, వినడానికి వింతగా ఉన్నా, దానికి బాగా పనిచేసేది కొద్దికొద్దిగా నడవడమే. వాకిట్లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. ఓపిక ఉన్న వేళ ఏదో చూసుకుని, ముఖ్యమైన ఒక్క పని అప్పుడు చేసుకోండి. మిగతాది ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. మతిమరుపు, మాట గుర్తుకురాకపోవడం కూడా ఉంటుంది. చాలామందికి మెల్లగా తగ్గుతుంది.

మూత్రం ఎర్రగా వచ్చింది! ఇంట్లో పిల్లలకు ఏమైనా అవుతుందా?

డాక్సోరుబిసిన్ ఎర్ర రంగు మందు. ఎక్కిన ఒకటి, రెండు రోజులు మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది. అది రక్తం కాదు. ఆ తర్వాత కూడా ఎర్రగా ఉంటే చెప్పండి.

క్యాన్సర్ అంటుకోదు. కంచం, గ్లాసు, మంచం వేరు చేయడం ఆ మనిషిని లోపల చంపేయడమే. మందు మాత్రం రెండు రోజుల పాటు మలమూత్రాల్లో, వాంతిలో కాస్త బయటకు వస్తుంది. అందుకే 48 గంటలు బాత్రూమ్‌లో మూత పెట్టి రెండుసార్లు నీళ్లు వదలండి. మురికైన దుప్పట్లు తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, వాటిని విడిగా ఉతకండి. గర్భిణులు ఆ పని చేయకూడదు. మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ వల్ల మనిషిలో రేడియేషన్ మిగలదు. థైరాయిడ్‌కు ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్ మందు మాత్రం వేరు, అప్పుడు కొన్ని రోజులు దూరంగా ఉండమంటారు.

తిప్పతీగ, బొప్పాయి ఆకు రసం, లక్ష్మణఫలం ఆకు… ఏదైనా తీసుకోవచ్చా?

కీమో నడుస్తున్నంతకాలం వద్దు. చాలా కీమో మందులను విరగ్గొట్టి బయటకు పంపేది కాలేయం. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. కాలేయం రిపోర్టు తేడా వస్తే అది కీమో వల్లా, పసరు వల్లా అని తేల్చుకోలేక డాక్టరు మందు ఆపాల్సి వస్తుంది. ఇప్పటికే వాడుతుంటే తిడతారని దాచకండి, సీసా తెచ్చి చూపించండి. కూరలో వేసే పసుపు, అల్లం, వెల్లుల్లితో ఏ ఇబ్బందీ లేదు.

నొప్పికి మార్ఫిన్ రాశారు. అంటే చివరి దశ అనేనా?

కాదు. నొప్పి తీవ్రతను బట్టి రాస్తారు, రోజులు లెక్కపెట్టి కాదు. నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. 2014లో చట్టం సవరించాక దీన్ని అందుబాటులో పెట్టడం ఆసుపత్రులకు సులువైంది. దీంతోపాటు మలబద్ధకం మందు తప్పనిసరి. నొప్పి వచ్చాక కాకుండా గంటల లెక్కన వేసుకోవాలి, అప్పుడే రాత్రి నిద్ర పడుతుంది.

భార్యాభర్తలు కలిసి ఉండొచ్చా? నెలసరి ఆగిపోయింది.

ఎవరూ అడగని ప్రశ్న కాబట్టి నేనే చెబుతున్నాను. ఓపిక, ఇష్టం ఉంటే కలవొచ్చు, కౌంట్స్ బాగా పడిపోయిన రోజుల్లో మాత్రం ఆగండి. కండోమ్ తప్పనిసరి. నెలసరి ఆగినా గర్భం రావచ్చు, కీమో సమయంలో గర్భం బిడ్డకు ప్రమాదం. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు అండం లేదా వీర్యం దాచుకోవడం గురించి మొదటి కీమోకు ముందే అడగాలి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు మామూలే. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే మాత్రం వెంటనే చూపించాలి.

ఊరికే ఏడుపొస్తోంది. ఎవరితో చెప్పుకోవాలి?

"ధైర్యంగా ఉండాలి" అని అందరూ అంటుంటే ఏడవడానికి కూడా చోటు ఉండదు. మాకు చెప్పండి, డాక్టరుకు చెప్పండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆశ అన్నీ పోతే దానికీ ట్రీట్‌మెంట్ ఉంది. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చూసుకునేవాళ్లు కూడా చేయొచ్చు. రాత్రుళ్లు మేలుకుని వాంతి గిన్నె పట్టుకునే కూతురికీ ఒక పూట నిద్ర కావాలి.

దూరం నుంచి ప్రయాణం. ఏమైనా రాయితీ ఉందా?

ట్రీట్‌మెంట్‌కో చెకప్‌కో రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్టు చార్జీ పూర్తిగా మాఫీ. తోడు వచ్చే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం తగ్గింపు. చూపిస్తున్న ఆసుపత్రిలో రైల్వే ఫారం నింపి, సంతకం, స్టాంపు వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్లో ఇవ్వాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి లాంటి చోట్లకు వచ్చేవాళ్లు మొదటి రోజే ఈ ఫారం అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద కీమో నడుస్తుంటే, మధ్యలో జ్వరంతో అడ్మిట్ కావాల్సి వస్తే ఎలా అన్నది కూడా ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్లోనే ముందుగా కనుక్కోండి.

దారిలో చేతిసంచిలో థర్మామీటర్, వాంతుల మాత్రలు, కాచి చల్లార్చిన నీళ్లు, పాత ప్లాస్టిక్ కవర్లు, ఎక్కిన మందుల పేర్లు, తేదీ ఉన్న కాగితం పెట్టుకోండి. జ్వరం వచ్చి దారిలో ఏదో ఊరి ఆసుపత్రిలో దిగాల్సి వస్తే, అక్కడి డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట "కీమో ఎక్కి ఇన్ని రోజులైంది" అని. తర్వాత ఆ కాగితం చేతికివ్వండి.